జున్ను తినని మనిషి

ఉట్నూర్ బస్టాండులో దిగేసరికి పొద్దున తొమ్మిదిన్నర. జూలై మొదటి వారం. ముసురు పట్టి మూడు రోజులైందట, ఎదురుగా ఉండాల్సిన గుట్ట కనిపించడం లేదు. భుజాన ఫౌజు నాటి కిట్ బ్యాగు. అందులో రెండు జతల బట్టలు, రెయిన్‌కోటు, టార్చి, మగ్గు, ఎర్ర సబ్బు బిళ్లలు, నైలాను తాడు చుట్ట ఒకటి. తాడెందుకని బయల్దేరేటప్పుడు మా ఆవిడ అడిగింది. వానకాలంలో వాగులున్న చోటికి తాడు లేకుండా పోయేవాడు సిపాయి కాదన్నాను. రిటైరై నాలుగేళ్లయినా ఇంకా సిపాయేనా అని నవ్వింది. తాడు మాత్రం తనే చుట్టి బ్యాగులో పెట్టింది.

మా చొప్పదండిలో చాయ్ హోటల్ దగ్గర నలుగురు చేరితే చాలు, నన్ను లడాయి ముచ్చట చెప్పమంటారు. ఎంతమందిని కాల్చావని అడిగిన మహానుభావులూ ఉన్నారు. నేను ఫౌజులో నర్సింగ్ అసిస్టెంట్‌ని. ఇరవై ఏళ్లలో తుపాకీ పేల్చింది ఏడాదికోసారి, అదీ చెక్క బొమ్మల మీద. సూది మాత్రం రోజూ పట్టాను. మీకు కావలసిన కథ నా దగ్గర లేదు. నేను చెప్పగలిగింది రిటైరయ్యాక ఏజెన్సీలో మూడు నెలలు కాంట్రాక్టు మీద చేసిన ఈ డ్యూటీ గురించే. యూనిఫాం లేదు, ర్యాంకు లేదు. అయినా నేను గెలిచిన లడాయి ఏదంటే దీన్నే చూపిస్తాను.

ఉట్నూర్ నుంచి జీపులో గంటన్నర. చివరి ఆరు కిలోమీటర్లు రోడ్డని పిలిచే బురద. రెండు గదుల ఆరోగ్య ఉపకేంద్రం, పైన రేకులు, ముందు బోరింగు. వెనక టేకు అడవి. ఎడమ పక్క నలభై ఇళ్ల గూడెం. కుడి పక్క వాగు, వాగు అవతల పత్తి చేలు. ఫోను సిగ్నల్ ఉపకేంద్రం అరుగు మీద ఒక మూల నిలబడితేనే దొరుకుతుంది. ఆ మూలకు నేను కంట్రోల్ రూం అని పేరు పెట్టాను.

నాతో ఇద్దరు. డ్రైవరుది లక్సెట్టిపేట. సౌదీలో ఎనిమిదేళ్లు బండి నడిపి వచ్చాడు. ఇసుకలో నడపడం వచ్చుగానీ బురద కొత్త. బండి దిగబడినప్పుడల్లా దాన్ని అరబ్బీలో తిడతాడు. రెండో మనిషి నర్సమ్మ. పదిహేనేళ్లుగా ఆ గూడేల్లోనే తిరుగుతోంది. గోండీ, మరాఠీ, తెలుగు మూడూ మాట్లాడుతుంది, మూడింటిలోనూ కసురుతుంది. ఆదివారం ప్రార్థనకు మండలానికి పోయి వస్తుంది, ఆ రోజు మాత్రం ఎవరినీ ఏమీ అనదు.

పై అధికారి మండలంలో ఉండే డాక్టరమ్మ. మా అమ్మాయి వయసు. మొదటి రోజే ఫోనులో ఆర్డరు ఇచ్చింది. రోగం వచ్చినాక మోసుకురావడం కాదు సార్, రాకముందే మందు చేరాలి, వాగు పొంగినా ఆగొద్దు అంది. అంత పొట్టి ఆర్డరు నేను నా సర్వీసులో వినలేదు. మొత్తం అర్థమైంది కూడా.

నేను ఫోనులో ప్రతి మాట చివరా "ఓవర్" అనేవాణ్ణి. పాత అలవాటు. డ్రైవరు పడి పడి నవ్వేవాడు. నెల తిరిగేసరికి వాడికీ అంటుకుంది.

మొదటి నెలంతా మామూలు పనే. చంటిపిల్లలకు టీకాలు, గర్భిణులకు ధనుర్వాతం సూదులు, దోమతెరలు. ఏ గూడెం పోయినా మొదటి మాట ఒకటే, మాకేం రోగం లేదు కదా, సూదెందుకు అని. ఫౌజులో ఈ బాధ లేదు. దోమల ఇలాకాలో వారానికోసారి జవాన్లను వరసగా నిలబెట్టి మలేరియా గోళీ నోట్లో వేసి, మింగాక నోరు తెరిపించి చూసేవాళ్లం. కర్నల్ అయినా నోరు తెరవాల్సిందే. ఇక్కడ నోరు తెరవమంటే నర్సమ్మ ముందు నా నోరు మూయించేది. వీళ్లు నీ జవాన్లు కాదు, జర మెల్లగ మాట్లాడు అనేది.

ఆగస్టు చివర ఒక పొద్దున తలుపు తీస్తే గూడెం గూడెమంతా అరుగు ముందు ఉంది. వానలో తడుస్తూ, పిల్లల్ని చంకనేసుకుని. మరునాడు పొలాల అమావాస్య. ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులేసి, ఊరేగించి మొక్కే పండుగ. ఆ పని మానుకుని అందరూ మా దగ్గరికి వచ్చారంటే మామూలు సంగతి కాదని తెలిసింది.

జరిగింది ఇది. గూడెంలో సోంబాయి అని ఒక ఒంటరి ఆడమనిషి. ఉన్నది ఒక్క బర్రె. అది రెండు వారాల కింద ఈనింది. ఆ గూడెంలో మొదటి పాలు బెల్లమేసి జున్ను వండితే అన్ని ఇళ్లకూ పంపాలి. ఒక్క ఇల్లు తప్పినా బర్రెకు పాల చేపు తగ్గుతుందని వాళ్ల నమ్మకం. సోంబాయి గిన్నె పట్టుకుని గడప గడపా తిరిగింది. తర్వాత కొన్నాళ్లకు బర్రె మేత ముట్టడం మానేసింది. సొంగ కార్చింది. గొంతు పోయినట్టు అరిచింది. కుడితి తొట్టి దగ్గరికి తోలితే వెనక్కి బెదిరింది. నాలుగు రోజుల కింద చచ్చిపోయింది. నిన్న పశువుల డాక్టరు వచ్చి అన్నీ అడిగాడు. నెల కింద మందలో ఒక కుక్క పడి దొరికినదాన్నల్లా కరిచిందని, దాన్ని కొట్టి చంపామని అప్పుడు బయటపడింది. ఆ కుక్కకు పిచ్చి ఉండాలి, బర్రె చచ్చింది ఆ రోగంతోనే అన్నాడు ఆయన.

ఇక అంతే. జున్ను తిన్నవాళ్లందరికీ చావు భయం పట్టుకుంది.

సూదులు అందరికీ కావాలి. మా ఐస్ డబ్బాలో ఉన్న కుక్కకాటు మందు ఐదారుగురికి సరిపోతుంది. కంట్రోల్ రూం మూలకు పోయి డాక్టరమ్మను పట్టుకున్నాను. ఆమె తొణకలేదు.

"ఉడికిన జున్నుతోటి ఏం కాదు సార్. పచ్చి పాలు తాగినోళ్లు ఉన్నరా అడగండి. బర్రె సొంగ ఎవరికి తాకింది, ఎవరి చేతుల మీద గాయాలున్నయి, అది చూడండి. మందు వాళ్ల కోసం ఆపండి. ఓవర్."

చివరి మాట నన్ను ఆటపట్టించడానికే అంది. అయినా ఆ పూట బలంగా అనిపించింది.

పచ్చి పాలు ఎవరూ తాగలేదు. జున్ను ఆవిరి మీద గంట ఉడికింది. తర్వాతి పాలు చాయ్‌లో మరిగాయి. నర్సమ్మ ఈ మాటే మూడు భాషల్లో చెప్పింది. ఎవరూ కదలలేదు. అప్పుడు నేను నాలుగేళ్లుగా మూల పడేసిన గొంతు బయటికి తీశాను. ఒక్క కేకతో వరస కట్టారు. ఒక్కొక్కరినీ చేతులు చూపమన్నాను. చేతులు చూపుతూనే ప్రతివాళ్లూ ఎంత జున్ను తిన్నదీ చెబుతున్నారు. ఒకాయన తాను రెండుసార్లు అడిగి పెట్టించుకుని తిన్నాడు కాబట్టి రెండు సూదులు కావాలన్నాడు.

వరస సగం అయ్యేసరికి నాకు ఒక సంగతి గుచ్చుకుంది. మా బాపుకు రెండు బర్రెలుండేవి. బర్రె సొంగ కారుస్తూ మేత ముట్టకపోతే రైతు చేసే మొదటి పని నాకు తెలుసు. గొంతులో ఏదో అడ్డం పడిందని నోట్లో చెయ్యి పెట్టి చూస్తాడు. ఈ వరసలో అందరూ తిన్న జున్ను గురించే మాట్లాడుతున్నారు, బర్రె నోటి గురించి ఒక్కరూ అనడం లేదు.

సోంబాయిని పక్కకు పిలిచి అడిగాను, బర్రె నోట్లో చెయ్యి ఎవరు పెట్టారని.

"భీంరావు దాదా వెట్టిండు సారు. బొంగు గొట్టంతోటి మందు గూడ వోసిండు. అది కొరికితె ఏలు తెగింది."

"మరి ఆయనేడి? వరసల లేడు?"

"ఆయన ఎందుకొస్తడు సారు? ఆయన జున్ను తినలే."

నాకు పదేళ్లప్పుడు మా వాడకట్టులో ఒక మనిషిని చూశాను. మా బాపుతో కలిసి నాగలి దున్నేవాడు. కుక్క కరిచి మానిపోయింది, అందరూ మర్చిపోయారు. తర్వాత ఒక రోజు దాహమన్నాడు. వాళ్లవ్వ చెంబుతో నీళ్లు తెస్తే, చెంబు చూడగానే గొంతు పట్టేసి గోడకు అతుక్కుపోయాడు. దాహం, దాహం అనే అంటున్నాడు. నీళ్లు దగ్గరికి రానివ్వడం లేదు. రెండు రోజులకు పోయాడు. ఆ రోగం బయటపడ్డాక దానికి మందు లేదు. ముందే వేసేది ఒక్కటే దారి. నేను నర్సింగ్ లైనులోకి పోవడానికి ఆ చెంబే కారణమని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

భీంరావు ఆ గూడేనికి పశువుల మందు మనిషి. గొడ్డుకు ఏం వచ్చినా ఆయన్నే పిలుస్తారు. తాను మందు పోసిన గొడ్డు పాలు తాగితే ఆ మందు పనిచేయదని వాళ్ల తాతల నాటి కట్టు. సోంబాయి బర్రెను ఈనినప్పటి నుంచి చూస్తున్నది ఆయనే కాబట్టి, గిన్నె ఆయన గడపకు వచ్చినా ముట్టలేదు. అందుకే గూడెం లెక్కలో ఆయన ఒక్కడే క్షేమంగా ఉన్నాడు. మా లెక్కలో ప్రాణం మీదికి వచ్చింది ఆయన ఒక్కడికే.

ఆయన వాగవతల చేనులో ఉన్నాడు. ఎడ్లతో మొన్న పోయాడు, వాగు పొంగి అక్కడే చిక్కుకున్నాడు. రేపు నీళ్లు దిగితే ఎడ్లను తోలుకొస్తానని ఇవతలి గట్టుకు కేకేసి చెప్పాడట. ఈలోపు సోంబాయి చేతులు చూశాను. గడ్డి కోసిన గీతలు, కొన్ని పచ్చిగానే ఉన్నాయి. సొంగ తుడిచింది ఆమే. ఆమెకూ సూది పడాలని డాక్టరమ్మ చెప్పింది. నర్సమ్మ అక్కడే మొదటి సూది వేసి జీపులో కూర్చోబెట్టింది. పొద్దున తోడు వచ్చినవాళ్లలో ఒక్కరు కూడా ఇంటికి పోలేదు. అందరూ మా వెనక వాగు దాకా వచ్చారు.

వాగు ఎర్రగా, గట్టుకు గట్టుగా పారుతోంది. నడుము దాటి ఛాతీ దాకా లోతు. గూడెం మగవాళ్లు తాడు ఒక కొస మద్దిచెట్టుకు బిగించారు. రెండో కొస నా నడుముకు. ఏటవాలుగా దిగి, నీటితో పాటే కొంత దూరం కొట్టుకుపోయి అవతలి గట్టు పట్టుకున్నాను. యాభై దగ్గరపడుతున్న మోకాళ్లు నన్ను చాలా మాటలన్నాయి. తాడు బిగించాక నర్సమ్మ వచ్చింది. చీర బిగించి, ఐస్ డబ్బా నెత్తిన పెట్టుకుని, ఒక చేత్తో తాడు పట్టుకుని, ఎదురుగా ఉన్న నన్ను కసురుతూనే దాటింది. అలా దాటే జవాన్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

భీంరావు మంచె కింద కూర్చుని ఎడ్ల మెడలకు గవ్వల పట్టీలు సరిచేస్తున్నాడు. నలభై ఏళ్ల మనిషి, ఎండిన కట్టెలా గట్టిగా ఉన్నాడు. కుడిచేతి చూపుడు వేలికి గుడ్డ పీలిక. విప్పితే తెగిన చోట ఇంకా మానలేదు. సంగతంతా చెప్పాం. విన్నాడు.

"నేను జున్ను తినలే సారు. నాకెందుకు సూది? నాకేమన్న రోగమొచ్చిందా?"

నర్సమ్మ గోండీలో ఐదు నిమిషాలు కసిరింది. ఆయన ఎడ్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. ప్రతి ఏడూ వానలకు ముందు పశువులకు గొంతువాపు సూదులు వేయడానికి వస్తారు కదా, అప్పుడు కొమ్ములు ఎవరు పట్టుకుంటారని అడిగాను. తానే పట్టుకుంటానన్నాడు. వచ్చే పశువులన్నీ రోగంతోనే వస్తాయా అన్నాను. కాదు, రోగమొస్తే ఇంక సూది పనిచేయదు, మంచిగున్నప్పుడే వేయాలి అన్నాడు. చెప్పాక ఆగి, తన వేలు చూసుకున్నాడు.

"ఇయ్యాల నీ కొమ్ములు నేను వట్టుకుంట దాదా" అన్నాను.

ఆయన మీసాల్లో నవ్వు వచ్చింది. చెయ్యి చాచాడు. అప్పటికప్పుడు ఎర్ర సబ్బు రాసి, కుండలో నీళ్లు ధారగా పోస్తూ గడియారం చూసి పావుగంట కడిగాను. కడగడమే సగం వైద్యం. నర్సమ్మ మొదటి సూది వేసింది. కానీ అంతటితో కాదు. సూది మందు అంటే కొత్తగా చేరిన రంగరూట్లకు ట్రైనింగు మొదలుపెట్టడం. ఒంట్లో కాపలా తయారవడానికి రోజులు పడుతుంది. అంతదాకా తయారుగా ఉన్న జవాన్లను గాయం దగ్గరే నిలబెట్టాలి. ఆ రెండో మందు ఉట్నూర్ ఆసుపత్రిలోనే ఉంది. ఇప్పుడే బయల్దేరాలి.

ఆయన లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. నాకు అర్థమైంది. రేపు పండుగ. ఈ నీళ్లలో ఎడ్లు దాటవు. ఏడాదంతా దున్నిన ఎడ్లను పండుగనాడు మనిషి లేకుండా వదిలిపోవడం ఆ మనిషి వల్ల అయ్యే పని కాదు.

"నేను పోతె ఎడ్లు పరేషాన్ అయితయి సారు. రేపటికి వస్తనో రానో."

నేను ఉంటానన్నాను. కడుగుతాను, రంగులేస్తాను, వాగు దిగగానే గూడేనికి తోలుకొస్తాను అన్నాను. నర్సమ్మ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. భీంరావు మాత్రం నా చేతులు చూశాడు, నా నిలబడే తీరు చూశాడు. ఎడ్ల పేర్లు చెప్పాడు. ఎడమ దానికి చెవి వెనక గోకితే మాట వింటుంది, కుడిదానికి కోపమెక్కువ అని అప్పగించాడు. డ్యూటీ మార్పిడి అంత పద్ధతిగా జరగడం ఫౌజులో కూడా అరుదు. తాడు పట్టుకుని ఇద్దరూ వాగు దాటారు. అవతల గూడెమంతా చేతులు చాచి ఆయన్ను గట్టు మీదికి లాగింది. జీపు కదిలింది. డ్రైవరు అరబ్బీ మాటలు వాగు ఇవతలికి కూడా వినిపించాయి.

నర్సమ్మ ఐస్ డబ్బాలో దాటించిన నా ఫోనుకు మంచె ఎక్కితే సిగ్నల్ ఒక గీత వచ్చింది. పైన కూర్చుని ఎదురుచూశాను. నా సర్వీసులో చాలా పోస్టుల మీద కాపలా కాశాను, ఏ రోజూ అంత దిగులుగా ఫోను వంక చూడలేదు. బండి ఎక్కడ దిగబడిందో, మందు ఉందో లేదో, మనిషి మధ్యలో దిగిపోయాడేమో. ఐదు దాటాక మోగింది. నర్సమ్మ.

"రెండో మందు వడ్డది. ఏలు సుట్టూత ఇచ్చిండ్రు. సోంబాయికి గూడ అయింది. ఇద్దరు మంచిగున్నరు. ఓవర్."

నర్సమ్మ నోట ఓవర్ వినడం అదే మొదలు. నేను మంచె మీద లేచి నిలబడి కేక వేశాను. ఏం కేకో నాకే తెలియదు. కుడి ఎద్దు తలెత్తి చూసి కోపంగా ముక్కు చీదింది.

తెల్లారి వాన వెలిసింది. వాగు మోకాళ్లకు దిగింది. ఎడ్లను నీళ్లలో నిలబెట్టి మిగిలిన సబ్బంతా అరగదీశాను. మంచె కింద రంగుల డబ్బాలు మూడు దొరికాయి, కాషాయం, తెలుపు, ఆకుపచ్చ. చేతులు ఊరుకోలేదు. నాలుగు కొమ్ములకూ జెండా రంగులు వరసగా వేశాను. గవ్వల పట్టీలు కట్టి, పగ్గాలు పట్టుకుని గూడెం వైపు నడిచాను. డప్పులు మోగుతున్నాయి. తోరణం దగ్గర అందరూ నన్నూ కొమ్ములనూ చూసి నవ్వడం మొదలుపెట్టారు. ముసలివాళ్లు కూడా కడుపు పట్టుకుని నవ్వారు. నిన్న ఈ మొహాల్లోనే చావు భయం చూశాను. ఎంత నవ్వితే అంత నవ్వనీ అనుకున్నాను.

తోరణం ఇంకా దాటలేదు, వెనక జీపు హారన్ వినిపించింది. డ్రైవరు ఆపకుండా మోగిస్తూ వచ్చాడు. భీంరావు దిగాడు, వేలికి తెల్లటి కట్టు. ఎడ్ల చుట్టూ ఒకసారి తిరిగాడు. కొమ్ములు చూశాడు.

"మా ఎడ్లను పటాలంల చేర్చుకున్నవా సారు?" అన్నాడు.

పగ్గాలు ఆయన చేతికిచ్చి సెల్యూట్ కొట్టాను. ఆయన కట్టు ఉన్న చేతితోనే తిరిగి కొట్టాడు. ఎడ్లు తోరణం కింద నుంచి నడిచాయి. సోంబాయి అందరికీ బెల్లం పంచింది. బర్రె పోయిన మనిషి, ఆమె కళ్లు తడిగానే ఉన్నాయి. అయినా ఒక్క ఇల్లు వదలకుండా పంచింది. నా చేతిలో పెట్టినప్పుడు నేను ఏడ్చాను. దాచుకోవాలని కూడా అనిపించలేదు.

తర్వాతి సూదులకు మేము పోయి పిలవలేదు. మూడో రోజు, ఏడో రోజు ఇద్దరూ తామే వచ్చి అరుగు మీద కూర్చున్నారు. భీంరావు ఊరికే రాలేదు. ఒకసారి పక్క గూడెం నుంచి కుక్క గీరిన మనిషిని వెంట తెచ్చాడు. ఇంకోసారి టీకా వేయించని ఇద్దరు పసివాళ్ల తల్లులను. ఏ ఇంట్లోనైనా మాకేం రోగం లేదు కదా అంటే, లేనప్పుడే కొమ్ములు ఇయ్యాలె అని ఆయనే అనేవాడు. మా ముగ్గురి పని సగం ఆయన చేతిలోకి పోయింది. సెప్టెంబరు చివర ఆఖరి సూది పడింది. ఇక ఫికర్ లేదని డాక్టరమ్మ ఫోనులో చెప్పింది. ఆ వారమే నా మూడు నెలలూ అయిపోయాయి.

తిరిగివచ్చే రోజు భీంరావు చేను చూపిస్తానని నన్ను వాగు దాకా తీసుకుపోయాడు. కాయ పగిలే ముందు పత్తి. ఆకాశం శుభ్రంగా ఉంది. వాగు ఇప్పుడు మడమల దాకా, అడుగున గులకరాళ్లు కనిపిస్తున్నాయి. ఆ రోజు వాగుకు కట్టిన తాడు నాకు తిరిగి ఇవ్వబోయాడు. ఉంచుకో, వచ్చే వానకాలానికి పనికొస్తుందన్నాను. దాన్ని భుజాన వేసుకుని నీళ్ల దగ్గర కూర్చున్నాడు.

చొప్పదండి వచ్చి రెండేళ్లు దాటింది. చాయ్ హోటల్ దగ్గర ఇప్పటికీ లడాయి ముచ్చట అడుగుతారు. నేను చెప్పడం మొదలుపెట్టేలోపే నా కళ్ల ముందు అదే కదులుతుంది. భీంరావు కుడిచేతిని దొప్పలా పట్టి వాగులో ముంచాడు. చూపుడు వేలి మీద తెల్లటి మచ్చ. అరచేతి నిండా నీళ్లు, ఒక్క వణుకు లేదు. నోటి దగ్గరికి తెచ్చుకుని తాగాడు. మళ్లీ ముంచి మళ్లీ తాగాడు. నీళ్లు మోచేతి మీదుగా కారుతున్నాయి. గొంతు పైకీ కిందికీ కదులుతోంది. మీసాలు తుడుచుకుని నా వైపు తిరిగాడు.

"సల్లగున్నయి సారు. మీరు గూడ తాగుండ్రి."

నేనూ పక్కన కూర్చుని చెయ్యి ముంచాను.